సమాధుల పండుగకు ముందు: పాత సమాధుల తోటను అక్కడి జీవజాలం చెడకుండా శుభ్రం చేయడం ఎలా?

నవంబరు 2న వచ్చే క్రైస్తవుల సమాధుల పండుగకు పది పదిహేను రోజుల ముందు మన ఊళ్ళలోని సమాధుల తోటల్లో పని మొదలవుతుంది. వానాకాలమంతా పెరిగిన గడ్డిని కోయిస్తారు, కంప నరికి తగలబెడతారు, కూలీలు దొరకని చోట గడ్డిమందు కొట్టిస్తారు, కమిటీ దగ్గర డబ్బుంటే జేసీబీ పెట్టి నేలంతా చదును చేయిస్తారు. చనిపోయినవారిని తలుచుకోవడానికి వచ్చే కుటుంబాలకు దారి ఉండాలి, సమాధి కనబడాలి, పాము భయం ఉండకూడదు కనుక ఈ పని అవసరమే. అయితే అక్టోబరు నెల గడ్డి గింజ కట్టే కాలం, సీతాకోకచిలుకలు విరివిగా తిరిగే కాలం కూడా. ఒక్క వారంలో తోట మొత్తం బోడి అయితే అప్పటివరకు అందులో బతికిన వాటికి తలదాచుకోవడానికి మూల కూడా మిగలదు. కాబట్టి ఎక్కడ కోయాలి, ఎప్పుడు కోయాలి, ఎంత వదలాలి అన్నది ముందుగా నిర్ణయించుకుని పనిలోకి దిగాలి. ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను.

ఇది ముఖ్యంగా పాత క్రైస్తవ సమాధుల తోటలను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఖబరస్తాన్‌లకు, ఊరి శ్మశానాలకు కూడా ఇదే పద్ధతి సరిపోతుంది. శుభ్రం చేసే తేదీలు మాత్రం మారతాయి. ముస్లింలు సమాధులను దర్శించే షబ్-ఎ-బరాత్ చాంద్రమానాన్ని బట్టి ఏటా కొన్ని రోజులు ముందుగా వస్తుంది. కరీంనగర్‌లోని కార్ఖానగడ్డలో దీపావళి నాడు కుటుంబాలు సమాధుల దగ్గర దీపాలు పెడతాయి కనుక అక్కడ పని ఆ తేదీని బట్టి మొదలవుతుంది.

పాత తోటలో ఏముంటుంది

బందరులో, భీమునిపట్నంలో 17, 18 శతాబ్దాల నాటి డచ్చివారి సమాధులు ఉన్నాయి. సికింద్రాబాదులో, హైదరాబాదు నారాయణగూడలో, మిషనరీలు పనిచేసిన అనేక చిన్న పట్టణాల్లో తరతరాలుగా వాడుకలో ఉన్న సమాధుల తోటలు ఉన్నాయి. ఇటువంటి చోట్ల పాత వరుసల మధ్య నేల ఏళ్ళ తరబడి నాగలి ఎరుగదు, ఎరువు ఎరుగదు. చుట్టూ ప్రహరీ ఉండటం వల్ల పశువులు తక్కువగా వస్తాయి. వేప, చింత, మర్రి, నిద్రగన్నేరు చెట్లను నరికేవారు లేక అవి పూర్తి వయసుకు చేరతాయి. చుట్టుపక్కల పొలాలు ప్లాట్లుగా, ఖాళీ స్థలాలు అపార్ట్‌మెంట్లుగా మారిన తరువాత కూడా ఆ ఎకరం, రెండెకరాల నేల పాత స్థితిలో మిగిలి ఉంటుంది.

నేల చెడలేదని చెప్పే ఆనవాలు ఒకటి మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చేసరికి గడ్డి మొదళ్ళలో ఎర్రని మఖమల్ పూసల్లా ఆరుద్ర పురుగులు నడుస్తూ కనబడతాయి. ఏడాదిలో ఎక్కువ కాలం అవి నేల లోపలే ఉంటాయి కనుక, దున్ని, మందులు చల్లి, సిమెంటు పరిచిన చోట వాటికి బతుకు లేదు. మీ తోటలో అవి కనబడితే ఆ చోటును గుర్తు పెట్టుకోండి. అక్కడ యంత్రం తిరగకూడదు.

మొదట మాట్లాడవలసినవారు

సంఘ పెద్దలను, పాస్టరు గారిని లేదా కతోలిక విచారణ గురువును కలిసి, చేయబోయే పనిని కాగితం మీద రాసి అనుమతి తీసుకోండి. తోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్నదైతే ఆ శాఖ అనుమతి లేకుండా రాయిని గాని, కట్టడాన్ని గాని ముట్టుకోకూడదు. చెట్టు కొట్టవలసి వస్తే రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి.

అంతకంటే ముఖ్యంగా, తోట వాచ్‌మన్‌తోను, గుంతలు తీసే వ్యక్తితోను కూర్చుని మాట్లాడండి. ఏ గోడ కంతలో తాచు ఉంటుందో, ఏ చెట్టు తొర్రలో గుడ్లగూబ పిల్లలు పెడుతుందో, ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. కోత పని చేసేది కూడా చివరకు వారే కనుక, ఎందుకు వదిలేయమంటున్నారో వారికి అర్థం కాకపోతే మీరు గీసిన పటం గోడకే ఉండిపోతుంది.

పటం గీయడం

తోటను అడుగులతో కొలిచి తెల్లకాగితం మీద చేతిపటం గీయండి. కచ్చితమైన కొలతలు అక్కర్లేదు. గేటు, దారులు, ప్రహరీ, పెద్ద చెట్లు, బావి ఉంటే బావి గుర్తించండి. తరువాత సమాధులను మూడు భాగాలుగా విడదీయండి: ఇప్పటికీ కుటుంబాలు వచ్చే సమాధులు, పేరు కనబడుతున్నా ఎవరూ రాని పాత వరుసలు, రాయి విరిగి లేదా నేలలో కుంగి మట్టిదిబ్బగా మిగిలినవి. గోడల వెంట మీటరు వెడల్పు పట్టీని నాలుగో భాగంగా చూపండి. ఇక మీద తీసుకునే నిర్ణయాలన్నీ ఈ నాలుగు భాగాలను బట్టే ఉంటాయి.

కోయకముందు చూడటం

వీలైతే కోతకు ముందు ఒక ఏడాది పాటు, నెలకొకసారి ఒకే దారిలో ఉదయం ఆరు, ఎనిమిది గంటల మధ్య నడిచి కనబడినవి రాసుకోండి. ఏడాది ఆగే వీలు లేకపోతే కనీసం తొలకరిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి చూడండి. అంత్యక్రియలు జరుగుతున్న సమయంలో తోటలోకి వెళ్ళకండి. ఫొటోలు తీసేటప్పుడు కొత్త సమాధుల మీది పేర్లు పడకుండా చూసుకోండి.

మొక్కల దగ్గర నుంచి మొదలుపెట్టడం సులువు. సమాధి పగుళ్ళలో బిళ్ళగన్నేరు, గట్టు మీద తుమ్మి, నేల ఉసిరి, ఉత్తరేణి, గడ్డిచేమంతి, పల్లేరు, నీడలో కుప్పింటాకు, గోడ మూలల్లో ఉమ్మెత్త, జిల్లేడు, తంగేడు, రేగు. వీటిని ఊరకే పిచ్చిమొక్కలని పీకేయడం మన అలవాటు. కాని గడ్డిచేమంతి పూవు చిన్నదైనా దాదాపు ఏడాది పొడవునా తేనె ఇస్తుంది. తుమ్మి పూవు దగ్గర ఉదయం పూట పది నిమిషాలు నిలబడితే ఎన్ని రకాల తేనెటీగలు వస్తాయో మీరే లెక్కపెట్టుకోవచ్చు. తంగేడు, రేల ఆకుల మీద ఎమిగ్రంట్ జాతి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి.

జిల్లేడును ఒకసారి దగ్గరగా చూడండి. లేత ఆకును తిరగేస్తే వెనుక వైపు ఆవగింజ కంటే చిన్నదైన తెల్లని గుడ్డు ఒక్కటి అంటుకుని ఉండవచ్చు. అది ప్లెయిన్ టైగర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకది. పెద్దదైన గొంగళిపురుగుకు నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లని తంతువులు ఉంటాయి. అది ఆకు తినేముందు ఈనెను కొరికి పాలు కారిపోనిస్తుంది, ఆ తరువాతే తింటుంది. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకోవడం వల్ల పక్షులు దాని జోలికి రావు. గోడ మూలన ఉన్న రెండు జిల్లేడు మొక్కలను నరికితే ఆ తోటలో ఈ సీతాకోకచిలుక సంతతి ఆగిపోతుంది. వాటిని ఉంచడానికి మనకయ్యే ఖర్చు ఏమీ లేదు.

పక్షుల్లో పాలపిట్ట, జెముడుకాకి, కూకుడుగువ్వ, వడ్రంగిపిట్ట, తేనెపిట్ట, రామచిలుక సులభంగా గుర్తుపట్టగలిగినవి. తీతువు బోడినేల మీదనే, గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. అది మీ తల చుట్టూ అరుస్తూ తిరుగుతున్నదంటే గూడు దగ్గరలోనే ఉందని గ్రహించి వెనక్కి రండి. గోడ కింద గాని, పాత చెట్టు కింద గాని బొటనవేలంత నల్లని ఉండలు పడి ఉంటే వాటిని పుల్లతో విప్పి చూడండి. లోపల ఎలుకల పుర్రెలు, చిన్న ఎముకలు, బొచ్చు ఉంటాయి. గుడ్లగూబ మింగి అరిగించుకోలేక కక్కినవి అవి. శ్మశానపు పిట్ట అని, అరిస్తే చావు అని గుడ్లగూబను తరిమేవారికి ఈ ఉండను చూపించడమే సరైన సమాధానం. దానిని పట్టడం, చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని కూడా చెప్పండి. ఉడుముకు, పాములకు, ముంగిసకు కూడా అదే చట్టం రక్షణ ఇస్తుంది.

రాళ్ళ సంగతి

పాత సమాధి రాయి మీద బూడిద, పసుపు, నారింజ రంగుల్లో గుండ్రని మచ్చలు కనబడతాయి. చాలామంది వాటిని మురికి అనుకుని ఇనుప బ్రష్షుతో రుద్దుతారు, యాసిడ్ పోస్తారు. అవి లైకెన్‌లు. శిలీంధ్రం, శైవలం కలిసి ఒకే ప్రాణిగా బతికే రూపాలు. మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ కోవకు చెందినదే. ఇవి చాలా నెమ్మదిగా, ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు, కొన్ని అంతకంటే తక్కువగా పెరుగుతాయి. వాహనాల పొగ ఎక్కువైన చోట చాలా జాతులు నిలవవు. సమాధి రాయి మీద మరణించిన సంవత్సరం చెక్కి ఉంటుంది కనుక, ఆ రాయి మీది లైకెన్ మచ్చ వయసు దాదాపు ఆ లెక్కకు లోబడే ఉంటుంది. ఇంత తేలికగా వయసు అంచనా వేయగల రాళ్ళు అరుదు. బ్రిటన్‌లో పాత చర్చి ఆవరణల్లోని లైకెన్‌లను దశాబ్దాలుగా నమోదు చేస్తున్నారు. అక్కడ కేరింగ్ ఫర్ గాడ్స్ ఏకర్ అనే సంస్థ ప్రత్యేకంగా సమాధుల తోటల జీవజాలం మీదనే పనిచేస్తుంది. మన తోటల్లో ఈ పని చేయడానికి ఒక స్కేలు, ఒక ఫోను చాలు. మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, ప్రతి ఏడాది అదే నెలలో, అదే రాయి మీద తిరిగి తీయండి.

అక్షరాలు చదవాలంటే రాయిని రుద్దవలసిన పనిలేదు. సాయంత్రం చీకటిపడే వేళ టార్చిలైటును రాతికి పక్కగా, దాదాపు ఆనించినట్టు పట్టుకోండి. చెక్కిన గీతల్లో నీడ పడి, పగలు కనబడని అక్షరాలు కూడా తేలతాయి. సుద్ద, పిండి, పసుపు రుద్ది చదివే పద్ధతి రాతిని చెడగొడుతుంది.

వెల్ల వేయడం విషయంలో కుటుంబాల మనసు నొప్పించకండి. తమవారి సమాధికి సున్నమో, రంగో వేసుకోవడం వారి హక్కు, అది ప్రేమతో చేసే పని. ఎవరూ రాని పాత రాళ్ళకు మాత్రం తోటంతా ఒకేలా ఉండాలని వెల్ల వేయించవద్దని కమిటీని ఒప్పించండి.

రావి, మర్రి మొలకల పట్ల ఉపేక్ష పనికిరాదు. పక్షుల రెట్టలో పడిన గింజ సున్నపు కట్టడం పగుల్లో మొలిచి, కొన్నేళ్ళలో సమాధిని రెండుగా చీలుస్తుంది. జానెడు లోపు ఉన్నప్పుడే, వాన పడిన మరునాడు వేరుతో సహా తీసి బయట ఖాళీ స్థలంలో నాటండి. వేరు రాతిలోకి దిగిపోయిన చెట్టును లాగితే కట్టడం కూలుతుంది కనుక దానిని పైకి కోసి ఉంచి, తెలిసినవారి సలహా తీసుకోండి. పాత సున్నపు కట్టడానికి సున్నంతోనే మరమ్మతు చేయాలి. సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని రాయి పొరలుగా ఊడుతుంది, బల్లులు, ఒంటరి తేనెటీగలు ఉండే చిన్న రంధ్రాలు కూడా మూసుకుపోతాయి.

కోత క్రమం

పటంలోని భాగాన్ని బట్టి కోత మారుతుంది. దారులు, కుటుంబాలు వచ్చే సమాధులు, వాటి చుట్టూ మీటరు నేల అక్టోబరు చివరి వారంలో చీలమండ ఎత్తుకు కోయించండి. పండుగకు వచ్చినవారికి తోట శుభ్రంగా కనబడటానికి ఇది సరిపోతుంది. దారి అంచులు చక్కగా తీర్చి ఉంటే లోపలి గడ్డిని ఎవరూ నిర్లక్ష్యం అనుకోరు, ఇది నేను గట్టిగా నమ్మే మాట.

ఎవరూ రాని పాత వరుసలను రెండు సగాలుగా విభజించండి. ఒక సగాన్ని డిసెంబరు, జనవరి నెలల్లో, గింజ రాలిన తరువాత కోయించండి. రెండో సగాన్ని వచ్చే ఏడాది అదే నెలల్లో కోయించండి. ఇలా చేస్తే ఏ ఏడాదైనా సగం నేలలో గొంగళిపురుగులకు, మిడతలకు, తొండలకు, నలికిరులకు ఆశ్రయం మిగులుతుంది. వేసవిలో ఎండుగడ్డికి నిప్పు అంటుకునే ప్రమాదం నిజమైనదే కనుక, వదిలిన సగం చుట్టూ రెండు మీటర్ల వెడల్పున ఫిబ్రవరిలోగా గడ్డి పూర్తిగా తీసేసి నిప్పు దాటకుండా చేయండి. కుంగిపోయిన మట్టిదిబ్బలను, గోడ వెంట పట్టీని కలుపు తీయడానికి తప్ప కదపవద్దు.

రాళ్ళ దగ్గర కొడవలినే వాడించండి. గడ్డికోత యంత్రపు నైలాన్ దారం తగిలి చెక్కడం అంచులు ఎగిరిపోతాయి, చిన్న చెట్ల బెరడు చుట్టూ కోసుకుపోయి అవి చచ్చిపోతాయి. ఎక్కడైనా కోతను మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు సాగిస్తే లోపలి జీవాలు గోడ పట్టీలోకి పారిపోగలవు. అంచుల నుంచి లోపలికి కోస్తే అవన్నీ మధ్యలో చిక్కుతాయి. కోసిన గడ్డిని ఒక రోజు అక్కడే ఉంచి, పురుగులు దిగిపోయాక బయటకు తీయించండి. దానిని తోటలోనే వదిలితే కుళ్ళి నేల బలిసి, ఏపుగా పెరిగే ఒకటి రెండు రకాల గడ్డి తక్కిన చిన్న మొక్కలన్నిటినీ కప్పేస్తుంది. దగ్గరలో గేదెలున్నవారికి కబురు పెడితే వారే వచ్చి కోసుకుపోతారు, కూలి ఖర్చు కూడా తగ్గుతుంది. నిప్పు పెట్టడం, గడ్డిమందు కొట్టడం మాత్రం పూర్తిగా మానేయాలి. మంట వేడికి పాత రాయి పెచ్చులూడుతుంది, చెట్ల కింది వేర్లు మాడతాయి. మందు పడిన చోట ముందుగా తిరిగి వచ్చేది వయ్యారిభామే.

పీకవలసినవి

వయ్యారిభామను పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని పీకించండి. దాని పుప్పొడి చర్మానికి, ఊపిరికి పడదు. పూసిన తరువాత పీకితే గింజ మీ చేతులతోనే చల్లినట్టవుతుంది. సర్కారు తుమ్మను నేలమట్టానికి నరికితే నాలుగింతల పిలకలు వేస్తుంది కనుక మొదలును నేల లోపలి దుంపతో సహా తీయాలి. అయితే సమాధి పక్కన గడ్డపార దింపకూడదు. అక్కడ ఏటా రెండుసార్లు పిలకలు కోస్తూ బలహీనపరచడమే మార్గం. లంటానా కంపను ఒక్కసారిగా తోటంతా తీసేయకండి, పిట్టలు అందులో గూళ్ళు పెడతాయి. మూడేళ్ళలో విడతలుగా తీస్తూ, ఖాళీ అయిన చోట రేగు, తంగేడు వంటి మన పొదలు పెంచండి.

పాముల విషయంలో

తాచు, కట్లపాము, రక్తపింజర మూడూ ఇటువంటి చోట ఉండవచ్చునని భావించి పనిచేయండి. మోకాలు వరకు వచ్చే గమ్‌బూట్లు, పొడవాటి కర్ర లేకుండా ఎవరినీ గడ్డిలోకి దింపవద్దు. కోయబోయే చోట ముందుగా కర్రతో నేలను తట్టి కాసేపు ఆగండి. రాయి కిందికి చేయి పెట్టవద్దు, చీకట్లో టార్చి లేకుండా నడవవద్దు. పాము కనబడితే దూరంగా నిలబడి దారి ఇవ్వండి. అది జనం తిరిగే చోటే ఉండిపోతే అటవీ శాఖకు ఫోను చేయండి. హైదరాబాదు పరిసరాల్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ సభ్యులు వచ్చి పట్టి తీసుకువెళతారు. కాటు పడితే కట్టు బిగించడం, గాటు పెట్టడం, పసరు పూయడం, మంత్రం వేయించడం ఏదీ చేయవద్దు. ఆ వ్యక్తిని కదలకుండా పడుకోబెట్టి, ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసి, 108కి ఫోను చేసి విషానికి విరుగుడు ఉండే ఆసుపత్రికి చేర్చండి. పని మొదలుపెట్టే ముందే ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కుని ఉంచుకోండి.

చెట్లు, వెలుతురు, పూలు

ఎండిపోయిన తాడిచెట్టు, మోడైన వేప జనం మీద గాని, సమాధుల మీద గాని పడేటట్టు లేకపోతే వాటిని నిలబడనివ్వండి. పాలపిట్ట, రామచిలుక, పైడికంటె అనే గుడ్లగూబ గూడు పెట్టేది అటువంటి తొర్రల్లోనే. పుట్టలను పగలగొట్టవద్దు. తోట మధ్యలో ఎత్తైన స్తంభం మీద హైమాస్ట్ దీపం పెట్టాలన్న ప్రతిపాదన వస్తే గేటు దగ్గర, దారి వెంట మాత్రమే కిందికి వెలుగు పడేటట్టు పెట్టించండి. వానాకాలంలో మిణుగురులు ఒకదాన్నొకటి వెతుక్కునేది చీకట్లోనే, గబ్బిలాలకు కూడా చీకటే కావాలి.

పండుగ మరునాడు ప్లాస్టిక్ పూలదండలు, కొవ్వొత్తుల మైనం, నీరు నిలిచిన పూలకుండీలు ఏరివేయించండి. కుండీల నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది కనుక వాటిలో ఇసుక నింపి ఉంచడం మేలు.

నమోదు చేయడం

చూసినవాటిని నోటుబుక్కులోనే ఉంచేయకండి. పక్షుల జాబితాను ఈబర్డ్ వెబ్‌సైటులో, మొక్కలు, పురుగుల ఫొటోలను ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో గాని, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గాని పెడితే పేరు తెలియనివాటిని గుర్తించడానికి తెలిసినవారు సాయపడతారు. గుడ్లగూబ గూడు, ఉడుము కలుగు ఉన్న చోటు మాత్రం బయటకు కనబడకుండా స్థలాన్ని మరుగుపరిచే సెట్టింగు వాడండి. ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపుకు సండే స్కూలు పిల్లలను తీసుకురండి. పదిహేను నిమిషాల లెక్కింపు వారికి చాలు.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకు జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారు చేయాలి. మీ జాబితా, పటం, కోత క్రమం నకలు ఒకటి పంచాయతీలో గాని, మునిసిపాలిటీలో గాని ఇచ్చి, తోటను ఆ రిజిస్టరులో చేర్చమని లిఖితపూర్వకంగా కోరి, రసీదు తీసుకోండి. రేపు రోడ్డు వెడల్పు కోసమో, కొత్త ప్రహరీ కోసమో తోటలోని చెట్ల మీదికి వచ్చినప్పుడు చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది. మరో నకలు సంఘ కార్యాలయంలో సమాధుల రిజిస్టరుతో పాటు ఉంచండి, కమిటీ మారినప్పుడల్లా కొత్తవారికి దానిని చూపించి, ఆ ఏడాది కోయవలసిన సగం ఏదో పటం మీద గుర్తు పెట్టించండి.